మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం ఎప్పుడు?

పోయిన ఫిబ్రవరి రెండో వారంలో మా బడి ఆవరణలో ఒక కర్ర పాతాం. పాలమూరు జిల్లాలో దేవరకద్ర దాటి లోపలికి పోతే వచ్చే ఊరు అది. నేను అక్కడ లెక్కలు, సైన్సు చెబుతాను. ఏడో తరగతి పిల్లలతో కలిసి, కర్రకు తాడు కట్టి దాని చుట్టూ నేల మీద ఒక గుండ్రం గీశాం. పొద్దున కర్ర నీడ పొడుగ్గా ఉండి గుండ్రం దాటి బయటికి పోతుంది. ఎండ ఎక్కే కొద్దీ నీడ పొట్టిదవుతూ, దాని కొన ఒకచోట గీతను తాకి లోపలికి వస్తుంది. మధ్యాహ్నం దాటాక మళ్ళీ పెరిగి ఇంకోచోట గీతను తాకి బయటికి పోతుంది. ఆ రెండు టైములు రాసుకొని సరిగ్గా నడుమ ఏముందో చూస్తే అదే ఆ ఊరి మిట్టమధ్యాహ్నం. శంకువు పాతి నీడ కొలిచే ఈ పద్ధతి సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలోనూ ఉంది.

ఆ రోజు నీడ 11:05కు లోపలికి వచ్చింది. 2:01కి బయటికి పోయింది. నడుమ 12:33.

పిల్లలకు నమ్మకం కుదరలేదు. మళ్ళీ లెక్క వేశారు. "సార్, పన్నెండుకే గదా పొద్దు నెత్తి మీదికొచ్చేది? గడియారం తప్పా, పొద్దు తప్పా?" అని ఒక పాప అడిగింది.

పొద్దు తప్పు కాదని చెప్పడం సులువే. గడియారం కూడా తప్పు కాదని, అది మన ఊరి పొద్దును చూసి నడవడం లేదని చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పట్టింది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మన దేశపు గడియారాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖకు కట్టారు. ఆ గీత ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గరగా పోతుంది. మన తెలుగు నేల మీద కాకినాడ దాదాపు ఆ గీత పక్కనే ఉంది. పాలమూరు 78 డిగ్రీల దగ్గర ఉంది. అంటే నాలుగున్నర డిగ్రీలు పడమరకు, పద్దెనిమిది నిమిషాలు వెనక్కి. హైదరాబాదుకు పదహారు నిమిషాలు, నల్లగొండకు పదమూడు. దీని మీద ఇంకొకటి కలుస్తుంది. భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి పూర్తి గుండ్రంగా లేదు, పైగా భూమి ఒరిగి తిరుగుతుంది. అందుకే ఫిబ్రవరిలో పొద్దు పద్నాలుగు నిమిషాలు వెనకబడుతుంది, నవంబరు మొదట్లో పదహారు నిమిషాలు ముందుంటుంది. నవంబరులో అదే కర్ర పాతితే మా బడిలో మధ్యాహ్నం 12:02కే అవుతుంది. హైదరాబాదులో ఏటా మే 9 ప్రాంతంలో నీడ మాయమయ్యే రోజు వస్తుంది కదా, ఆ రోజు నీడ మాయమయ్యేది 12:12కు. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్ళీ అలాంటి రోజు వస్తే 12:23 అవుతుంది. పన్నెండుకు మాత్రం కాదు.

ఈ లెక్క తెలిసిన దగ్గర నుంచి నా మనసులో ఒకటే తిరుగుతోంది. పద్దెనిమిది నిమిషాల తేడా వల్ల పెద్దగా నష్టం లేదు. కానీ మనం లేవడం, బడి, పని, కరెంటు, తిండి, నిద్ర అన్నీ ఆ గీతకు కట్టేసి, మన ఊరి పొద్దు వైపు చూడటమే మానేశాం. దాని వల్ల నష్టం చాలా ఉంది. దాన్ని ఎక్కువగా మోసేది బండ మీద, చెలకలో, మట్టిలో పనిచేసే మనుషులు, వాళ్ళ పిల్లలు.

మా సొంతూరు దేవరకొండ పక్కన. మా నాయనమ్మకు గడియారం చూడటం రాదు. ఏ పనికీ ఆమె ఆలస్యం కావడం నేను చూడలేదు. వేగుచుక్క పొడిస్తే లేచేది. "బారెడు పొద్దెక్కింది, ఇంకా పండుకున్నవా?" అని మమ్మల్ని లేపేది. అంబలి యాల అంటే చేనుకాడికి అంబలి ముంత పోయే సమయం. పొద్దు నెత్తి మీదికొస్తే పగటన్నం. సాయంత్రం పూట తన నీడను తన కాలితోనే అడుగులు కొలిచి, ఇంకో రెండు సాళ్ళు కలుపు తీయొచ్చా, ఇంటికి మళ్ళాలా అని చెప్పేది. పొద్దుగూకే యాలకు గొడ్లు కొట్టంలో ఉండాలి. ఇవన్నీ ఏ ఊరివి ఆ ఊరివే. కాలాన్ని బట్టి జరిగేవి కూడా. ఎండాకాలం అంబలి యాల ముందుకు వచ్చేది, చలికాలం వెనక్కి పోయేది.

పంచాంగం లెక్క కూడా అంతే. పొద్దు పొడుపు నుంచి మళ్ళీ పొద్దు పొడుపు దాకా 60 గడియలు. గడియకు 24 నిమిషాలు, రెండున్నర గడియలైతే ఒక గంట. గడియారం అనే మాటలో ఉన్నది ఆ గడియే. రోజు అర్ధరాత్రి మొదలు కాదు, ఊళ్ళో పొద్దు పొడిచినప్పుడు మొదలవుతుంది. అందుకే "పొద్దు పొడిచిన ఆరు గడియలకు" అంటే మీర్జాపూర్‌ను అడగాల్సిన పని లేదు.

ఆ కాలం మళ్ళీ రావాలని నేను అనను. రైలు నడవాలి. పదో తరగతి పరీక్ష రాష్ట్రమంతా ఒకేసారి మొదలు కావాలి. ఆసుపత్రిలో సూది ఎప్పుడు వేశారో రాయాలంటే అందరికీ ఒకే గడియారం కావాలి. ఊరూరికీ వేరే టైము ఉంటే ఎంత ఇబ్బందో రైళ్ళు వచ్చిన కొత్తలో ప్రపంచమంతా చూసింది. అమెరికా రైళ్ళు 1883 నవంబరు 18న గడియారాలన్నీ నాలుగు మండలాలుగా సర్దుకున్నాయి. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో చాలా దేశాలు కూర్చొని గ్రీనిచ్‌ను సున్నా గీతగా ఒప్పుకున్నాయి. మన రైళ్ళకు అప్పట్లో మద్రాసు అబ్జర్వేటరీ టైము ఉండేది. నిజాం రాజ్యంలో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది 1874లో. ఇప్పుడున్న టైము, గ్రీనిచ్ కన్నా అయిదున్నర గంటలు ముందుండేది, 1906 జనవరి 1న వచ్చింది. కలకత్తా తన టైమును 1948 దాకా వదల్లేదు. బొంబాయి 1955 దాకా వదల్లేదు.

బొంబాయి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. బొంబాయి పాలమూరు కన్నా ఇంకా పడమర. కొత్త గడియారం ప్రకారం అక్కడ మిట్టమధ్యాహ్నం 12:39కి అవుతుంది. 1906 జనవరిలో వేలమంది మిల్లు కార్మికులు ఈ మార్పు మీద గొడవకు దిగారు. వాళ్ళకు అది ఖగోళశాస్త్రం గొడవ కాదు. గడియారం ముల్లు ముందుకు జరిపి, అంతకుముందు అంకెకే మిల్లు కూత వేస్తే, చీకట్లో ముప్పై తొమ్మిది నిమిషాలు ముందే పనికి రావాలి. అంటే నిద్రలో ముప్పై తొమ్మిది నిమిషాలు పోయినట్టే. ఆ ఊళ్ళో మనవాళ్ళు అప్పటికే తరాలుగా ఉన్నారు. ఇళ్ళు కట్టే పనికి హైదరాబాదు రాజ్యం నుంచి పోయిన కామాఠీల పేరు మీదే అక్కడి ఒక పేటకు కామాఠిపుర అన్న పేరు వచ్చింది. ఆ తర్వాత పాలమూరు లేబర్ అని పేరు పడ్డ మనుషులు కూడా ఆ దారినే పోయారు, ఇప్పటికీ పోతున్నారు. నా దగ్గర చదివే పిల్లల్లో అయిదారుగురి తల్లిదండ్రులు ప్రతి ఏడూ దీపావళి దాటాక ముంబైకి పోతారు. జనవరిలో అక్కడ పొద్దు పొడిచేది ఏడుంబావుకు. పని మొదలయ్యే అంకె మాత్రం మారదు.

అందుకే గడియారం గురించి మాట్లాడేటప్పుడు రెండు సంగతులను విడదీయాలని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు టైము ఎంతయింది అనేది ఒకటి. ఏ పని ఎప్పుడు మొదలు పెట్టాలి అనేది ఇంకొకటి. మొదటిది దేశమంతా ఒకటే ఉంటే మేలు. రెండోది ఊరు, కాలం చూసి పెట్టాలి. మనం ఈ రెండింటినీ కలిపేశాం.

అస్సాం వాళ్ళ వాదన కూడా నేను శ్రద్ధగా చదివాను. డిబ్రూగఢ్‌కూ పాలమూరుకూ పొద్దులో గంటా ఎనిమిది నిమిషాల తేడా ఉంది. జూన్‌లో అక్కడ నాలుగున్నర కాకముందే తెల్లారుతుంది. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. టీ తోటల వాళ్ళు బ్రిటిష్ కాలం నుంచి గంట ముందుండే బాగాన్ టైము వాడుకుంటున్నారు. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తరుణ్ గొగోయ్ 2014లో తమ రాష్ట్రానికి వేరే టైము కావాలన్నారు. మన దేశపు టైమును సీజియం అణు గడియారాలతో కాపాడే నేషనల్ ఫిజికల్ లేబరేటరీ శాస్త్రవేత్తలే 2018లో ఈశాన్యానికి గ్రీనిచ్ కన్నా ఆరున్నర గంటలు ముందుండే రెండో మండలం పెట్టవచ్చని రాశారు. గీత అస్సాం, బెంగాలు సరిహద్దు దగ్గర పెడితే బాగుంటుందని, ఏడాదికి రెండు కోట్ల యూనిట్ల కరెంటు మిగులుతుందని లెక్క చూపారు. వాళ్ళకు వేరే గడియారం ఇవ్వాలనే నేను అంటాను. గంట తేడా చిన్నది కాదు. దేశం ఒక్కటిగా ఉండటానికి గడియారం ఒక్కటే ఉండాలనే భయం నాకు లేదు.

కానీ మన పద్దెనిమిది నిమిషాల కోసం కొత్త గడియారం అడగాల్సిన పని లేదు. గడియారాన్నే జరిపి చూసిన దేశాలు ఏమయ్యాయో కూడా చూడాలి. శ్రీలంకలో 1996లో కరెంటు కొరత వస్తే గడియారం గంట ముందుకు జరిపారు. కొన్ని నెలలకు అరగంట వెనక్కి తెచ్చారు. 2006లో మళ్ళీ పాత టైముకే వచ్చారు. బంగ్లాదేశ్ 2009లో ఎండాకాలానికి గంట జరిపి ఒక్క ఏడాదికే మానుకుంది. మన దేశంలో కూడా రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి 1945 దాకా, గంట ముందుకు జరిపారు. యూరప్‌లో లాగా ఏడాదికి రెండుసార్లు ముల్లు జరపడం మనకు పనికిరాదు. వాళ్ళకు ఎండాకాలం పగలుకూ చలికాలం పగలుకూ ఏడెనిమిది గంటల తేడా ఉంటుంది. మన దగ్గర పెద్ద పగలు పదమూడు గంటల పైన కొంచెం, చిన్న పగలు పదకొండు గంటల పైన కొంచెం. తేడా రెండు గంటలే. మన బాధ వెలుతురు తక్కువ కావడం వల్ల వచ్చేది కాదు. ఎండ ఎక్కువ కావడం వల్ల వచ్చేది.

మరి ఏం చేయాలి? దానికి జవాబు మన దగ్గరే ఉంది. దానికి పేరు కూడా ఉంది. ఒంటిపూట బడి.

మార్చి 15 వచ్చిందంటే తెలంగాణలో బడులు పొద్దున ఎనిమిదికి మొదలై పన్నెండున్నరకు అయిపోతాయి. గడియారం ఎవరూ జరపలేదు. దేశం టైము అదే. రైళ్ళు అవే. కానీ బడి జరిగింది. పిల్లలు చల్లపూట చదువుకుని, ఎండ ముదరక ముందే అన్నం తిని ఇంటికి పోతారు. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఏడాదిలో పిల్లలు అన్నిటికన్నా బాగా వినేది ఆ నెలలో మొదటి రెండు పీరియడ్లు. ఇంత మంచి ఏర్పాటును మనం ఎండకు చేసిన మినహాయింపుగా చూస్తాం. నేను దాన్నే నియమం చేయాలంటాను.

ఒక లెక్క చెబుతాను. పొద్దు పొడిచిన ఆరు గడియలకు బడి గంట కొట్టాలని పెట్టుకుందాం. అంటే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలకు. మా ఊళ్ళో జనవరిలో పొద్దు 6:50కి పొడుస్తుంది, బడి 9:15కు. ఏప్రిల్ మధ్యలో 6:05కు పొడుస్తుంది, బడి 8:30కి. జూన్‌లో 5:43కు పొడుస్తుంది, బడి ఎనిమిది దాటాక. నవంబరు మధ్యలో 8:45 దాటాక. రోజూ మార్చమని నేను అనడం లేదు. ఏడాదికి నాలుగు పట్టికలు, పావుగంటకు సర్దినవి, చాలు. ఎండ ముదిరిన నెలల్లో ఇంకా ముందుకు తెచ్చి ఇప్పటిలాగే ఒంటిపూట పెట్టుకోవచ్చు. ఎన్ని గంటలు చదువు చెప్పాలో రాష్ట్రం చెప్పనీ. ఎప్పుడు మొదలు పెట్టాలో జిల్లా చెప్పాలి. ఆదిలాబాదు చలికీ గద్వాల ఎండకూ ఒకే తేదీ, ఒకే గంట ఎందుకు? ఫిబ్రవరి ఆఖరుకే రేకుల గది కాలిపోతుంటే మార్చి 15 దాకా ఎందుకు ఆగాలి?

పిల్లల నిద్ర గురించి నేను ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం ఉంది. మన ఒంట్లో ప్రతి కణంలో ఒక గడియారం నడుస్తుందని, అది వెలుతురును చూసి సర్దుకుంటుందని ఇప్పుడు బాగా తెలిసిన విషయం. ఆ గడియారం ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. మన దేశంలోనే మౌలిక్ జగ్నానీ అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధన ఒకటుంది. ఒకే గడియారం వల్ల పడమటి ఊళ్ళలో పొద్దు ఆలస్యంగా గూకుతుంది, పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు, బడి టైము మాత్రం అదే కాబట్టి నిద్ర తగ్గుతుంది, పొద్దుగూకడం గంట ఆలస్యమైతే దాదాపు అరగంట నిద్ర పోతుంది, ఆ దెబ్బ పేదల ఇళ్ళలో ఎక్కువ తగులుతుంది అని ఆయన లెక్క తేల్చారు. పేదల ఇంట్లో పిల్లకు వేరే గది ఉండదు, ఫ్యాను ఉండదు, ఇల్లు చల్లబడేదాకా ఎవరికీ కన్ను మూతపడదు. ఇది నాకు పుస్తకం చెప్పాల్సిన పని లేదు. ఏప్రిల్‌లో మొదటి గంటకే తల వాల్చే పిల్లవాడిని నేను రోజూ చూస్తాను. కాకినాడకూ మాకూ పొద్దులో పదిహేడు నిమిషాల తేడా. 2014 దాకా ఒకే రాష్ట్రం, ఒకే బడి గంట. పదిహేడు నిమిషాలు చిన్నవే కావచ్చు. కానీ నిద్ర చాలని పిల్లకు ఆ పదిహేడు నిమిషాలను మనం పొద్దుటి పూట తీసుకుంటున్నాం.

కరెంటు టైము సంగతి చెప్పకపోతే ఇది సగమే చెప్పినట్టు. పల్లెలో చాలా ఏళ్ళు గోడ గడియారం కన్నా, పంచాంగం కన్నా పెద్ద గడియారం కరెంటే. మా వైపు త్రీఫేజ్ విడతలుగా వచ్చేది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పట్నంలో పగలు, సాయంత్రం వాడకం ఎక్కువ, అందుకని లోడు సర్దడానికి బోరుబావులకు రాత్రి ఇచ్చేవాళ్ళు. గ్రిడ్డు లెక్క ప్రకారం అది సరే. బోరు దగ్గర ఉండేది మాత్రం మనిషి. మా చిన్నాయిన ఒక రాత్రి ఒంటిగంటన్నరకు మోటరు వేయడానికి పోయాడు. స్టార్టరు డబ్బా కింద రక్తపింజర ఉంది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. ఆ కాలి మీద చర్మం ఇప్పటికీ నల్లగా అట్ట కట్టినట్టు ఉంటుంది. అన్ని ఇళ్ళల్లో మనిషి తిరిగి రాలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంటు మొదలైనప్పుడు జనం పంట గురించి, మోటర్ల గురించి మాట్లాడారు. మా పిన్ని మాత్రం ఒకటే మాట అంది. "ఇగ రాత్రి ఇంట్ల పండుకుంటడు." చిన్నాయినకు పొద్దు తిరిగి వచ్చిన రోజది. ఇప్పుడు సోలార్ కరెంటు ఎక్కువగా వచ్చేది కూడా పొద్దు నెత్తి మీదున్నప్పుడే. పొలానికి కరెంటు రాత్రికి నెట్టే రోజులు మళ్ళీ ఏ పేరుతోనూ రాకూడదు.

ఎండ దగ్గరికి వద్దాం. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు రెండు వేలకు పైగా మనుషులు చనిపోయారు. నల్లగొండ ఆ ఏడు ఎలా కాలిందో అక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. ప్రతి ఏడూ "పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దు" అని సలహా వస్తుంది. కానీ సలహాతో కూలీ ఆగదు. దుబాయ్ పోయి వచ్చిన మా ఊరి మేస్త్రీ చెబుతాడు, అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని చట్టమే ఉంది. పరాయి దేశంలో మన మనిషికి దొరికిన ఆ నీడ సొంత జిల్లాలో దొరకదు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి హాజరును ఫోన్ ఫోటోలతో, రోజుకు రెండుసార్లు వేయాలన్నారు. ఎండాకాలంలో మన దగ్గర మట్టి పని ఆరింటికి మొదలు పెట్టి పదిన్నరకు ముగించాలి, అదే తెలివైన పద్ధతి. రెండో ఫోటో కోసం ఆడవాళ్ళు చెట్టు నీడ కూడా లేని కట్ట మీద ఆగడం, లేదా ఇంటికి పోయి మళ్ళీ రావడం నేను చూశాను. పని అయిపోయింది. అయిపోయిన పనిని లెక్కించే టైము మాత్రం ఎక్కడో వేరేచోట రాసి ఉంది. ఇలాంటి చోట ఊరికి మాట ఉండాలి. ఏ నెలలో ఎన్ని గంటలకు తట్ట ఎత్తాలో గ్రామసభ తేల్చుకోగలదు.

నాతో పనిచేసే వాళ్ళతో ఇవన్నీ మాట్లాడినప్పుడు ఎదురొచ్చే మాటల్లో బలమైనవి ఉన్నాయి. మా బడిలో సగం మంది టీచర్లు హైదరాబాదు నుంచి, జడ్చర్ల నుంచి బస్సులో వస్తారు. బడి ఎనిమిదికంటే ఇంట్లో అయిదింటికే బయలుదేరాలి. చిన్న పిల్లలున్న టీచరమ్మకు అది ఎంత కష్టమో నాకు తెలుసు. నాకు దీనికి పూర్తి జవాబు లేదు. ఒంటిపూట నెలల్లో ఎలా సర్దుకుంటున్నామో అలాగే సర్దుకోవాలి, బస్సు టైములు కూడా ఆ నాలుగు పట్టికల ప్రకారం మారాలి. పల్లె బడి గంటను పట్నం బస్సు నిర్ణయించడం నాకు న్యాయంగా తోచదు. బడి పిల్లల కోసం ఉంది.

ఇంకొక మాట, జనం గందరగోళపడతారని. 2025 జనవరిలో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. అన్ని అధికారిక, వాణిజ్య పనులకు భారత ప్రామాణిక సమయమే వాడాలని. బ్యాంకు లావాదేవీకి, కరెంటు గ్రిడ్డుకు, ఫోన్ నెట్‌వర్కుకు అది అవసరమే. కానీ ఒకే గడియారం ఉన్నంత మాత్రాన మనుషులు రెండు లెక్కలు పెట్టుకోలేరని అనుకోవద్దు. మన ఊళ్ళలో రోజూ పెట్టుకుంటున్నారు. రంజాన్ నెలలో మా ఊరి మసీదు గోడ మీద పట్టిక చూడండి. నల్లగొండలో పొద్దు హైదరాబాదు కన్నా మూడు నిమిషాలు ముందు గూకుతుంది, పాలమూరులో రెండు నిమిషాలు ఆలస్యంగా. పొద్దంతా నీళ్ళు ముట్టని మనిషి ఆ రెండు నిమిషాలు ఆగుతాడు, ఎందుకంటే అది తన ఊరి పొద్దు. టీవీలో హైదరాబాదు అజాన్ వినబడినా ఖర్జూరం చేతిలోనే ఉంటుంది. ఎవరూ తికమక పడరు.

పంచాంగం విషయంలో మనమే ఆ తెలివిని పోగొట్టుకున్నాం. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని గోడ క్యాలెండరు చూసి చెబుతాం. అది పొద్దు ఆరింటికి పొడిచి ఆరింటికి గూకే ఊరి లెక్క. అసలు లెక్కలో పగలును ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రెండో భాగం రాహుకాలం. సంక్రాంతి రోజుల్లో మా ఊళ్ళో అది ఎనిమిదింబావు నుంచి తొమ్మిదిన్నర దాటేదాకా వస్తుంది. రాహుకాలం నమ్మాలని నేను అనను, నేను నమ్మను. నమ్మేవాళ్ళు కూడా తమ ఊరి పొద్దును వదిలి అచ్చు వేసిన అంకెను పట్టుకోవడం చూస్తే బాధ కలుగుతుంది.

పోయిన డిసెంబరులో పిల్లలను పానగల్లు తీసుకుపోయాం, నల్లగొండ పక్కనే. అక్కడ ఛాయా సోమేశ్వర ఆలయంలో గర్భగుడి లింగం మీద ఒక స్తంభం నీడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఉంటుంది. కందూరు చోడుల కాలపు గుడి. అది నిజానికి ఒక్క స్తంభం నీడ కాదు. బయటి వెలుతురు స్తంభాల నడుమ నుంచి చెదిరి లోపలికి పడే తీరును లెక్క కట్టి నిలిపిన నీడ. పొద్దు ఎక్కడున్నా ఆ నీడ అక్కడే. పిల్లలు గంటసేపు చూశారు. కర్ర పాతడానికి ముందే వాళ్ళు చూసిన నీడ అది. నీడను కదలకుండా నిలబెట్టాలంటే పొద్దు ఎలా కదులుతుందో ఎంత బాగా తెలిసి ఉండాలో నాకు ఫిబ్రవరిలో కర్ర పాతాక గానీ అర్థం కాలేదు.

ఇప్పుడు మా బడి వరండా గోడ మీద ఏడో తరగతి వాళ్ళు ఒక పట్టిక రాస్తున్నారు. నెలనెలా మొదటి వారంలో పొద్దు పొడుపు, మిట్టమధ్యాహ్నం, పొద్దుగూకడం, మా ఊరివి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ గడులు నిండాయి. బడి గంటను ఈ పట్టిక చూసి మార్చుకునే వీలు ఇవ్వమని బడి కమిటీ తీర్మానం రాసి పైకి పంపింది. మొన్న సెలవులు ఇచ్చే రోజు ఆ పాప వచ్చి, మే గడి ఎవరు నింపుతారని అడిగింది. సెలవుల్లో కర్ర నీడ తనే చూసి రాస్తానంది. తాళం చెవి వాళ్ళ ఇంట్లో ఇచ్చి వచ్చాను.